గాజులా, కాసులా? తై నెలలో పెండ్లి పెట్టుకున్నవాళ్ళకు ఒక మాట



తై ముహూర్తాలకు ఇంకా మూడు నెలలుంది. మంచి మండపాలన్నీ అప్పుడే నిండిపోయాయి. సంఘంలో పెండ్లి పనులకు చేయి వేసే మేము నలుగురైదుగురం ఈ మధ్య ఏ ఇంటికి వెళ్ళినా పిల్లల నోట వింటున్న మాట ఒకటే. "మామా, అందరి పెండ్లి మాదిరి ఉండకూడదు. చూడగానే ఇది మా పెండ్లి అని తెలియాలి."

ఈ మాట మాకు నచ్చింది. మా కాలంలో పెండ్లికొడుకును గానీ పెండ్లికూతురిని గానీ ఎవరూ ఏమీ అడగలేదు. చీర రంగు అత్త చూసింది, సాపాటు చిన్నాయన చూసుకున్నాడు, మేము పీటల మీద కూర్చోమంటే కూర్చున్నాం, లేవమంటే లేచాం. ఈ కాలం పిల్లలు తమ పెండ్లి తాము ఆలోచించుకుంటున్నారంటే సంతోషించాల్సిందే. దీన్ని పొగరు అనే పెద్దవాళ్ళతో మేము ఏకీభవించం.

మా తగువు వేరే చోట ఉంది. "మా పెండ్లి అని తెలియాలి" అన్న పిల్లలే ఫోన్ తీసి చూపించే బొమ్మలు చూడండి. తెల్లపూల గోడ, దాని మీద వెలిగే అక్షరాల్లో ఇద్దరి పేర్లు, నేల మీద పొగ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని డాన్స్ చేస్తూ వచ్చే పెండ్లికొడుకు, పైన తిరిగే డ్రోన్. కోయంబత్తూరు అవినాశి రోడ్డు మండపంలో అదే, మదుర రింగురోడ్డు మండపంలో అదే, హైదరాబాదులో అదే. అందరికంటే వేరుగా ఉండాలని అందరూ ఒకే జాబితాలోంచి కొంటున్నారు. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. వాళ్ళకు చూపించిన అంగడి అదొక్కటే. మన ఇంట్లో ఏముందో మనం చూపించలేదు.

ఒక సంగతి చెబుతాం. పోయిన ఏడాది మా సభ్యుల ఇంట్లోనే ఒక అమ్మాయి పెండ్లి. ముందురోజు పొద్దున "హల్దీ" అని పెట్టారు. అందరికీ పసుపు రంగు బట్టలు, పసుపు గొడుగులు, ప్లాస్టిక్ బంతిపూలు, హిందీ పాటలు. ఫోటోలు బాగా వచ్చాయి, కాదనం. అక్కడే ఒక మూల అమ్మాయి అవ్వ చెల్లెలు కూర్చొని ఉన్నారు. తొంభై దాటిన మనిషి, ఉడుమలపేట పక్క పల్లె నుంచి కారులో తీసుకొచ్చారు. "నలుగు పెడుతున్నారు గదా, పాట ఏదీ?" అని ఆమె అడిగారు. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అడిగారు. మైకు పట్టుకున్న కుర్రవాడు నవ్వి, "పాటీ, టైమ్ లేదు" అన్నాడు. వాడిది తప్పనడానికి లేదు, వాడి చేతిలోని కాగితంలో ఆమె పేరు లేదు.

హల్దీ అని డబ్బు పెట్టి తెచ్చుకున్నది మన నలుగే. పసుపు దంచి, పిండి కలిపి, పెండ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టి, అత్తలూ వదినలూ వరుసలు పెట్టి ఎగతాళి చేస్తూ పాడుతూ రుద్దే వేడుక మన ఇండ్లలో ఎప్పటినుంచో ఉంది. పేరు మార్చి, పాట తీసేసి, బట్టల రంగు కలిపి, మనకే తిరిగి అమ్మారు. మనం కొన్నాం.

ఆ పెండ్లి అయిన నెలకు అమ్మాయి తల్లి ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక నోటుపుస్తకం బయటపడింది. చనిపోయిన అవ్వ రాసుకున్న పెండ్లి పాటల పుస్తకం. నలుగు పాట, తలంబ్రాల పాట, బంతులాట పాట, వియ్యపురాలిని ఆడిపోసుకునే పాట, అప్పగింతల పాట, హారతి. పాటలన్నీ తెలుగే, అక్షరాలు మాత్రం తమిళం. ఆమె చదివింది తమిళ బడి, అదీ ఐదో తరగతి వరకే. మన ఇండ్లలో ఇలాంటి పుస్తకాలు చాలా ఉన్నాయి, మీకూ తెలుసు.

సంఘం గదిలో కూర్చొని దాన్ని తెలుగు లిపిలోకి మార్చబోయాం. మొదటి పేజీలోనే ఆగిపోయాం. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం, పకూ బకూ ఒకటే, తకూ దకూ ఒకటే. బావ అని రాయాలన్నా పావ అనే పడుతుంది. బొట్టూ పొట్టూ ఒకే రూపంలో ఉంటాయి. అవి సులువు, సందర్భం చూసి పట్టుకోవచ్చు. ఒక పాటలో మాత్రం "కాసులు" అని ఉంది. జ అక్షరం తమిళంలో ఉన్నా ఆమె వాడలేదు, అన్నిటికీ సకారమే రాసుకున్నారు. అది గాజులా, కాసులా? పెండ్లికూతురి చేతికి గాజులు వేస్తారు, మెడలో కాసులపేరు వేస్తారు. పాటకు రెండూ సరిపోతాయి. మేము ఐదుగురం గంటసేపు వాదించుకున్నాం.

చివరికి ఉడుమలపేట పల్లెకు ఫోన్ చేశాం. ఆ పెద్దామెకు చెవి సరిగా వినబడదు. మనవడు గట్టిగా చెబితే, మా ప్రశ్నకు జవాబు చెప్పకుండా పాటే ఎత్తుకున్నారు. మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా. అది గాజులు. మూడో చరణంలో గాజుల మలారం మోసుకొచ్చే మనిషి ప్రస్తావన ఉంది. ఆ చరణం పుస్తకంలో లేదు. ఆమె తలలో మాత్రమే ఉంది. హల్దీ రోజు ఆమె పాడతానన్నది ఆ పాటే.

అందుకే ఈ వ్యాసం. మా అభిప్రాయం ఇది. మీ పెండ్లి మీదిగా కనబడాలంటే, వేరే ఇంట్లో దొరకనిది ఏదో ఒకటి అందులో ఉండాలి. అది డబ్బుతో వచ్చేది కాదు. మన విషయంలో అది మన ఇంటి తెలుగు. ఆంధ్ర తెలుగు కాదు, సినిమా తెలుగు కాదు. తమిళంతో పాలూ నీళ్ళలా కలిసిపోయిన, ఈ కోవై పల్లెల తెలుగు, మదుర పక్క కరిసల్ నేల తెలుగు. అది పుస్తకాల్లో దొరకదు, పెద్దవాళ్ళ నోట ఉంది. ఇంకో పదేళ్ళు ఉంటుందో ఉండదో.

"సంప్రదాయం మార్చకూడదు గదా" అని కొందరు పెద్దలు అంటారు. ఈ గడ్డ మీద పెండ్లిళ్ళు ఎప్పుడూ ఒకేలా జరగలేదు. మదురలోనే చూడండి. లోకంలో అందరికీ తెలిసిన పెండ్లి మీనాక్షమ్మ తిరుకల్యాణం. ఒకప్పుడు అది మాసి నెలలో జరిగేదనీ, అళగర్‌కోయిల్ చిత్తిరై ఉత్సవంతో దాన్ని కలిపి రెండు జనాలనూ ఒక్క పండుగలోకి తెచ్చినవాడు తిరుమల నాయకుడనీ మదురవాళ్ళు చెప్పుకుంటారు. 1623 నుంచి 1659 దాకా ఏలిన ఆ రాజు ఇంటి భాష తెలుగే. ఊరి జనం కలవడం కోసం అమ్మవారి పెండ్లి నెలే మారిందట. అళగర్ చెల్లెలి పెండ్లికి బయలుదేరి, వైగై దగ్గరికి వచ్చేసరికి పెండ్లి అయిపోయిందని విని అలిగి వెనక్కి తిరిగాడని కథ కూడా కట్టారు. పెండ్లికి ఆలస్యంగా వచ్చి అలిగే మేనమామ లేని ఇల్లు మనలో ఉందా? దేవుడి పెండ్లిలోనే మన ఇంటి వేడుక పెట్టుకున్నారు. ఆ రోజు మదుర ఆడవాళ్ళు తమ తాళి తాడు కొత్తది మార్చుకుంటారు. ఆ పెండ్లిలో ప్రతి ఇల్లాలి పెండ్లీ కొంచెం ఉంది.

రాజకంబళ నాయకర్ల ఇండ్లలో చూడండి. ఊరి బయట పచ్చకొమ్మలతో పెండ్లికొడుకుకు ఒక గుడిసె, పెండ్లికూతురికి ఒక గుడిసె వేసి, వాళ్ళ పెద్దలే నడిపించే పెండ్లి వాళ్ళది. దేవదుందుభి మోగుతుంటే దేవరాట్టం ఆడతారు. "ఎకో ఫ్రెండ్లీ వెడ్డింగ్" అని ఇప్పుడు లక్షలు తీసుకొని చేసేది వాళ్ళ తాతల ఇంటి మామూలు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. హిందూ వివాహ చట్టానికి తమిళనాడు 1967లో చేసిన సవరణ ఒకటి ఉంది, 7-ఏ అనే సెక్షన్. సుయమరియాదై పెండ్లిళ్ళకు చట్టబద్ధత ఇచ్చింది అదే. బంధువులో స్నేహితులో చూస్తుండగా, ఇద్దరూ తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పి, దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా పెండ్లి చెల్లుతుంది. "అర్థమయ్యే ఏ భాషలోనైనా" అన్న మాట గమనించండి. పురోహితుడు వద్దని మేము చెప్పడం లేదు. మంత్రాలు ఉన్న పెండ్లిలో కూడా నాలుగు మాటలు తెలుగులో చెప్పుకోవడానికి ఎవరూ అడ్డు రారు. (ఏ పద్ధతిలో చేసుకున్నా 2009 చట్టం ప్రకారం 90 రోజుల్లో రిజిస్టర్ చేయించుకోవాలి. దాన్ని మరచిపోయి తర్వాత పాస్‌పోర్టు కోసం పరుగెత్తినవాళ్ళను చూశాం.)

ఇక పిల్లలు అడిగినదానికి వద్దాం. సరదాగా ఉండాలి, అందంగా ఉండాలి, మాదని తెలియాలి. మేము చూసినవీ చేయించినవీ కొన్ని చెబుతాం. అన్నీ చేయమనడం లేదు. రెండు మూడు చాలు.

మొదట పత్రిక. తమిళం ఊరికి, ఇంగ్లీషు ఆఫీసుకు, తెలుగు ఇంటికి. మూడూ ఒకే పత్రికలో పెట్టవచ్చు. తెలుగు భాగంలో ఇంటిపేరు వేయండి. ఇక్కడ మన పేరుకు ముందు తండ్రి పేరు ఇనిషియల్ మాత్రమే ఉంటుంది. ఇంటిపేరు ఒక్క సంబంధం కుదిర్చేటప్పుడే బయటికి వస్తుంది, తర్వాత మళ్ళీ పెట్టెలోకి వెళ్తుంది. చాలా ఇంటిపేర్లు పాత ఊరి పేర్లే. ఐదారు వందల ఏళ్ళ కిందట ఏ ఊరి నుంచి బయలుదేరామో చెప్పే గుర్తు అదొక్కటే మిగిలింది. ఒక హెచ్చరిక: ఇక్కడి ప్రెస్సుల్లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి. "లక్ష్మి" మూడు ముక్కలై వచ్చిన పత్రిక ఒకటి మా దగ్గర ఉంది, ఐదు వందల ప్రతులు. కాబట్టి తెలుగు భాగాన్ని బొమ్మగా చేసి ఇవ్వండి, అచ్చుకు ముందు సంఘంలో ఒకరికి చూపించండి.

రెండోది నలుగు. హల్దీ అనే పిలవండి, పేరు మీద గొడవ వద్దు. అరగంట మైకు మాత్రం ఇంటి ఆడవాళ్ళ చేతికి ఇవ్వండి. ఆ అరగంట కార్యక్రమం కాగితంలో రాసి ఉండాలి. రాయకపోతే ఏమవుతుందో పైన చెప్పాం. పాడేవాళ్ళ పేర్లు ముందే కనుక్కోండి. ఎగతాళి పాటల్లో కొత్త పేర్లు చేర్చండి. పెండ్లికొడుకు ఐటీ ఉద్యోగం మీద, వాళ్ళ మామ బట్టతల మీద అక్కడికక్కడే చరణాలు కట్టే అత్తలు మనలో ఇంకా ఉన్నారు. ఏ డీజే దగ్గరా అంత నవ్వు దొరకదు.

మూడోది ప్రమాణం. సినిమాల్లో చూసి పిల్లలు ఇంగ్లీషులో ప్రమాణాలు రాసుకుంటున్నారు. మంచిదే. అందులో నాలుగు వాక్యాలు ఇంటి భాషలో చెప్పండి. పెద్ద మాటలు అక్కరలేదు. "నీకు కోపం వచ్చినప్పుడు నేను మాట్లాడకుండా ఉంటాను. నాకు వచ్చినప్పుడు నువ్వు ఉండు. మీ అమ్మను నేను అమ్మా అనే పిలుస్తాను. నా ఉద్యోగం మారినా నీ చదువు ఆగదు." పోయిన ఆవణిలో ఒక అబ్బాయి ఇలాగే చెప్పాడు. ఇంగ్లీషులో చెప్పినంతసేపు మండపంలో ఎవరి మాటలు వాళ్ళవి. తెలుగులో మొదలుపెట్టగానే ముందు వరుసలో అవ్వలందరూ నోరు మూసుకున్నారు. వాళ్ళకు ఆ పెండ్లిలో అర్థమైన మాటలు అవే.

నాలుగోది బట్టలూ పూలూ. మన చుట్టూ ఉన్నదాన్ని వదిలి దూరం వెళ్ళనవసరం లేదు. కోయంబత్తూరు కోరా కాటన్, పొల్లాచ్చి పక్క నెగమం నూలు చీర, మదుర సుంగుడి. ముహూర్తానికి పట్టు కట్టుకోండి, నలుగుకూ రాత్రి విందుకూ ఇవి కట్టుకోండి. ఫోటోల్లో ఎంత బాగుంటాయో చూడండి. సుంగుడి ముడులు కట్టేది సౌరాష్ట్రులు. వాళ్ళూ మనలాగే వేరే దేశం నుంచి వచ్చి మదురలో పాతుకుపోయి, ఇంట్లో తమ మాట నిలబెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ చేతిపనిని మన పెండ్లిలో కట్టుకోవడం ఒక మర్యాద. పూలకు మదుర మల్లె ఉంది. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్లాస్టిక్ బంతిపూలకు పెట్టే డబ్బుతో మండపం గుమ్మాలన్నిటికీ మల్లె చెండ్లు కట్టవచ్చు.

ఐదోది సాపాటు. ఇరవై రకాల చాట్ కౌంటర్లు పెట్టి ఆకు మీద సగం పారేస్తున్నాం. దాని బదులు మీ ఇంటి వంట ఒకటి పెట్టండి, పక్కన దాని పేరు రాసి పెట్టండి. ఒబ్బట్లు, రాగి సంగటి, పచ్చిపులుసు. వేడి వేడి పుళిచ్చకీరై, అదే మన గోంగూర. వచ్చినవాళ్ళకు రోజ్‌మిల్క్ బదులు పరుత్తిపాలు ఇవ్వండి. పత్తి పండించిన నల్లరేగడి నేల మీద బతికిన జనం మనం, పత్తిగింజల పాలకంటే మనదైన పానీయం ఏముంది? వంటమాస్టరుకు ముందే చెప్పి, ఇంటి పెద్దామెను ఒకసారి వంటశాలకు పంపండి. ఇది చిన్న పని కాదు. వంటమాస్టర్లు ఒప్పుకోరు, "మా సాంబారు అందరూ మెచ్చుకున్నదే" అంటారు. పట్టుపట్టండి.

ఆరోది ఆట. బిందెలో ఉంగరం, బంతులాట, పేర్లు చెప్పించడం. ఫోటోబూత్ దగ్గర క్యూ కట్టే కుర్రవాళ్ళందరూ బిందె చుట్టూ మూగుతారు, మేము చూశాం. డీజే కావాలనుకుంటే పెట్టుకోండి, కానీ ఊరేగింపుకు దేవరాట్టం బృందాన్ని పిలవండి. పిలిస్తే బేరమాడకండి. సినిమా పాటకు స్టెప్పులు నేర్పేవాళ్ళకు అడిగినంత ఇచ్చి, మన కళాకారుల దగ్గర ఐదు వందలు తగ్గించమనడం సిగ్గుచేటు.

ఏడోది మాకు చాలా ఇష్టమైనది. మొయి రాసే బల్ల పక్కన రెండో నోటుపుస్తకం పెట్టండి. మేము దాన్ని "మాటల మొయి" అంటున్నాం. వచ్చిన ప్రతి పెద్ద మనిషీ తమ ఇంట్లో మాత్రమే వాడే ఒక తెలుగు మాటో, సామెతో, తిట్టో రాయాలి. రాయలేనివాళ్ళు చెబితే చదువుకున్న పిల్లవాడు రాస్తాడు, ఏ లిపిలోనైనా సరే. ఒక పెండ్లిలో ఈ పుస్తకం నిండింది. రెండు పేజీలు ఒక్క తిట్లే. ఆ జంట దాన్ని పెండ్లి ఆల్బంతో పాటు పెట్టుకున్నారు. డబ్బు మొయి తిరిగి పెట్టాలి, మాటల మొయికి ఆ అప్పు లేదు.

చివరిది ఖర్చు. మన ఊళ్ళో పీఎస్‌జీ పేరు తెలియనివాళ్ళు లేరు. ఆ నలుగురు అన్నదమ్ములు 1926లో కుటుంబ ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగాన్ని ధర్మానికి పెట్టారు. ఆ ఐదో భాగం మీద లేచిన చదువుల్లో మన పిల్లలు ఎంతమంది చదివారో లెక్కపెట్టలేం. ఆస్తిలో భాగం పెట్టమని మిమ్మల్ని అడగం. పెండ్లి ఖర్చును ఐదు భాగాలుగా కాగితం మీద గీసుకోండి. అందులో ఐదో భాగం స్టేజీ అలంకారానికి పోతున్నదో, ఒక పేదింటి పిల్ల ఫీజుకు పోతున్నదో చూడండి. ఆ పిల్ల మన సంఘం పిల్లే కానక్కరలేదు. ఈ కోవైలో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతియర్ కుటుంబాలు ఎన్ని వీధుల్లో ఉన్నాయో మనకు తెలుసు. భాష పేరు చెప్పేటప్పుడు వాళ్ళను మరచిపోయి, మండపం మెట్ల దగ్గర కులం గుర్తు తెచ్చుకుంటే, ఇక్కడ రాసిందంతా వృథా.

ఇవి చెప్పినప్పుడల్లా మాకు ఎదురయ్యే ప్రశ్నలు మూడు.

"ఇన్ని వందల ఏళ్ళుగా ఇక్కడ ఉన్నాం, మనం తమిళులమే. ఇప్పుడెందుకు తెలుగు?" నిజమే, మనం ఈ ఊరివాళ్ళమే, తమిళం మన బజారు భాష, బడి భాష, చాలామందికి ప్రేమ భాష కూడా. తెలుగు ఇంటి మనిషి కి. రాజనారాయణన్ తమిళంలోనే "గోపల్ల గ్రామం" రాసి మన తాతల వలస కథ తమిళ లోకానికి చెప్పారు. ఆ కథకు కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక భాష పెరగడానికి రెండోది తగ్గాలని ఆయన ఎక్కడా అనుకోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు దాదాపు 42 లక్షలు. అందులో చదవగలిగేవాళ్ళు మన ఇండ్లలో ఎంతమందో మీరే చూసుకోండి. బడిలో అవకాశం ఏడాదికేడాది తగ్గింది. మిగిలింది ఇల్లు. ఇల్లంతా ఒక్కచోట చేరేది పెండ్లికే.

"అబ్బాయిది తమిళ ఇల్లు, వాళ్ళేమనుకుంటారు?" అడిగి చూడండి. మేము చూసిన రెండు పెండ్లిళ్ళలో అబ్బాయి తరఫువాళ్ళు తమ పాటలు కూడా తెచ్చారు. వాళ్ళ నలంగు పాటకూ మన నలుగు పాటకూ పోటీ పెట్టారు. ఎవరు గెలిచారో ఇంకా తేలలేదు. నలంగు, నలుగు, ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే తగువు పడాల్సింది ఏమీ లేదని తెలుస్తుంది.

"పిల్లలకు ఇవన్నీ బోరు." కొంత నిజం. అన్నీ బాగా జరిగాయని మేము చెప్పం. ఒక పెండ్లిలో పాటల కాగితాలు అచ్చు వేసి పంచితే జనం వాటితో విసురుకున్నారు. ఇంకొక చోట పాట మధ్యలో పురోహితుడు ముహూర్తం దాటుతున్నదని గదిమాడు. ఒక అవ్వ మైకు చూసి భయపడి ఒక్క ముక్క కూడా పాడలేదు. నేర్చుకున్నది ఏమిటంటే, ముందే ఇంట్లో ఒకసారి పాడించాలి, పాట చిన్నదై ఉండాలి, ముహూర్తానికి దగ్గరగా పెట్టకూడదు.

పైన చెప్పిన పెద్దామె సంగతి అడుగుతారేమో. ఈ ఆవణిలో ఆ ఇంట్లోనే రెండో అమ్మాయి పెండ్లి జరిగింది. ఈసారి కాగితంలో ఆమెకు పది నిమిషాలు రాశారు. ఆమె ఇరవై నిమిషాలు పాడారు. గొంతు పోయింది, రెండుసార్లు మరిచిపోయారు, పక్కన కూర్చున్న అమ్మాయి నోటుపుస్తకం చూసి అందించింది. ఆ అమ్మాయి మూడో చరణం కూడా అందించింది, ఎందుకంటే ఇప్పుడది పుస్తకంలో ఉంది. ఆ రోజు ఎవరి చేతుల్లోనూ ఖాళీ లేదు, అన్ని చేతులూ గాజులే.

కాబట్టి ఒక్క కోరిక. తై రాకముందే మీ ఇంటి ట్రంకు పెట్టెలు వెతకండి. పాటల పుస్తకం ఏదైనా కనబడితే, ముందు దాన్ని చదవగలిగిన పెద్దామెతో పాడించి ఫోన్లో రికార్డు చేయండి. పుస్తకం తర్వాతైనా దొరుకుతుంది. ఆదివారాలు పొద్దున సంఘం గదిలో ఉంటాం, తీసుకురండి. తెలుగు లిపిలో రాసి, పక్కన తమిళ లిపిలో కూడా సరైన ఉచ్చారణ గుర్తులతో రాసి ఇస్తాం. ఖర్చేమీ లేదు, ఒక గ్లాసు కాఫీ చాలు.

మీ ఇంటి పెండ్లిలో మీరు నిలబెట్టుకున్నది, లేదా పోగొట్టుకున్నది ఏమిటో కింద రాయండి. మాతో ఏకీభవించకపోయినా రాయండి. తెలుగులోనో, తమిళ అక్షరాల్లో తెలుగుగానో, ఎలాగైనా సరే, చదువుకుంటాం.